డాక్టరు గారు ముట్టుకున్న రోజు

నా చిన్నప్పుడు మా వాడలో ఎవరికి ఏ రోగం వచ్చినా మందు మాత్రం ఒకటే, ఎర్ర మందు. జ్వరమొచ్చినా అదే, కడుపు నొప్పి వచ్చినా అదే, బాలింతకు ఒళ్ళు కాలిపోతున్నా అదే. సీసా మన ఇంటి నుంచే తీసుకుపోవాలి. దవాఖాన కిటికీ కింద గట్టు మీద దాన్ని పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడాలి. కాంపౌండరు కిటికీలోంచి చేయి చాచి పైనుంచి ధార కట్టి పోసేవాడు. కొంత సీసాలో పడేది, కొంత గట్టు మీద పడేది. సీసాలో పడిందాన్నే భద్రంగా తెచ్చుకుని, దేవుడి తీర్థంలా చెంచాలు చెంచాలుగా తాగేవాళ్ళం. కొందరికి తగ్గేది. తగ్గకపోతే వాళ్ళ రాత అంతేననుకుని ఊరుకునేవాళ్ళం.

గోళీలకు, అంటే మాత్రలకు, ఇంకో పద్ధతి ఉండేది. ఒడి పట్టాలి. ఆడవాళ్ళు కొంగు పట్టేవాళ్ళు, మగవాళ్ళు తుండుగుడ్డ పట్టేవాళ్ళు, పిల్లలం లంగా అంచో చొక్కా అంచో పట్టుకుని వంగేవాళ్ళం. గోళీలు పైనుంచి టపటపా పడేవి. ఒకటీ అరా కింద పడితే ఏరుకునేవాళ్ళం. అది అవమానమని నాకు తెలియదు. గోళీలంటే లోకమంతా అలాగే ఇస్తారు కాబోలు అనుకునేదాన్ని. తెలియనప్పుడే సుఖం అని కొందరంటారు గానీ, నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

మా ఊరు దవాఖాన ఉన్న ఇబ్రహీంపట్నానికి ఎంతో దూరం లేదు. ఇప్పుడైతే మధ్యలో ఖాళీ జాగా అన్నది కనబడదు, శేరిగూడ వైపు పోతే ఎటు చూసినా కాలేజీ బస్సులే. అప్పట్లో దారి పొడుగునా జొన్న చేలు ఉండేవి. ఊరికి ఒక పక్కగా మా మాదిగవాడ. వాడకూ ఊరికీ మధ్యన చాకలి వాళ్ళ ఇల్లు ఒక్కటి ఉండేది. ఆ ఇంటి కోడలే మా పక్కింటి అక్క. పక్కిల్లంటే గోడా గోడా ఆనుకుని ఉండేది కాదు. మధ్యలో బండిబాట, బాట దాటితే వాళ్ళ గాడిదల కొట్టం. కానీ మా గుడిసె వాకిట్లో నిలబడి పిలిస్తే ముందు పలికేది ఆమే. ఊరంతటికీ బట్టలు ఉతికే ఇల్లు, ఒక్క మా వాడకు తప్ప. మా బట్టలు వాళ్ళు ఉతకకూడదని కట్టడి. దాన్ని ఆమె పెట్టలేదు, మేమూ పెట్టలేదు. అయినా అందరం దాని ప్రకారమే నడిచేవాళ్ళం. అంత కట్టడిలోనూ మా అమ్మను "చిన్నమ్మా" అని వరస పెట్టి పిలిచింది ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

ఇక డాక్టరు గారి సంగతి. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేదు, నేనూ అనడం లేదు. ఎవర్నీ కసురుకునేవాడు కాదు. తెల్లటి చొక్కా, జేబులో పెన్ను, మెడలో గుండె చూసే గొట్టం. లోపలి గదిలో కుర్చీలో కూర్చునేవాడు. మేము బయట వాకిట్లో నిలబడేవాళ్ళం. "ఏమైంది?" అని కాంపౌండరు అడిగితే మేము చెప్పేవాళ్ళం, కాంపౌండరు లోపలికి చెప్పేవాడు, లోపలి నుంచి జవాబు వచ్చేది. ఆయన గొంతు విన్నామే గానీ ఆయన కళ్ళు మా మీద పడడం నేనెరగను. మా అమ్మ మాత్రం ఇంటికొచ్చి, "సారు మంచోడు, ఒక్క మాట అనడు" అని పొగిడేది. తిట్టకపోవడమే మాకు పెద్ద వైద్యం.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు గొంతు నొప్పితో మొదలైంది. రెండు రోజులకు అది తగ్గింది కదా అనుకున్నాం. ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. మోకాలు వాచింది. అది తగ్గేసరికి చీలమండ, ఆ తర్వాత ముంజేయి. నొప్పి ఒంట్లో ఇల్లు మారుతున్నట్టు తిరిగేది. దుప్పటి తగిలినా కేకలు పెట్టేదాన్ని. మా అమ్మ గాలి సోకిందని వేపమండలు తిప్పింది, ఉప్పు దిష్టి తీసింది. కూలి ఎగ్గొట్టుకుని నన్ను చంకనేసుకుని దవాఖానకు తీసుకుపోయింది. వాకిట్లో నిలబడ్డాం. ఎర్ర మందు పోశారు. కొన్నాళ్ళు చూసి మళ్ళీ తీసుకుపోయింది. మళ్ళీ ఎర్ర మందు, ఈసారి ఒడిలో గోళీలు కూడా. నాలో ఏ మార్పూ లేదు. పైగా నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస మొదలైంది. పడుకుంటే ఊపిరాడక లేచి గోడకానుకుని కూర్చునేదాన్ని. నాన్న, మేము బాపు అనేవాళ్ళం, పట్నంలో రాళ్ళు కొట్టే పనికి పోయి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. మా అమ్మ నా మొహం చూసి ఏడవడం మానేసి, ఊరికే చూస్తూ కూర్చునేది. ఆమె ఆశ వదులుకుందని నాకు ఆ వయసులోనే అర్థమైంది.

ఒకరోజు పొద్దున అక్క బట్టల మూటతో రేవుకు పోతూ మా వాకిట్లో ఆగింది. నన్ను చూసి మూట కింద పడేసింది.

"ఏందే చిన్నమ్మా, పోరి గిట్లయింది? దవాఖానల సూపెట్టినవా?"

"రెండు మాట్ల పోయిన బిడ్డా. మందు పోసిండ్రు."

"మందు పోసిండ్రు సరే. సూసిండ్రా?"

మా అమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్పుడు అక్క చెప్పింది. అంతకు ముందు మా ఊరి పెద్ద పటేల్ గారి బిడ్డకు జ్వరమొస్తే ఎత్తుకుపోవడానికి మనిషి కావాలని ఈమెను పిలిచారట. దవాఖానలో ఆ పిల్లను లోపలి గదిలోకి తీసుకుపోయి, బల్ల మీద పడుకోబెట్టి, నాలుక చూసి, కళ్ళు చూసి, పొట్ట నొక్కి, ముందూ వెనకా గొట్టం పెట్టి విన్నారట. అదంతా ఈమె గుమ్మంలో నిలబడి చూసింది. "ఉత్త జలుబుకు గంత సేపు సూసిండే చిన్నమ్మా. నీ బిడ్డ సావుకొచ్చింది, దీని మొఖం సుత సూడలే" అని అరిచింది. మా అమ్మ చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

ఆ తర్వాత అక్క చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. మూట విప్పింది. అందులో ఒక పక్కన వేరుగా చుట్టి, పోతూ పోతూ పటేల్ ఇంటికి తిరిగి ఇవ్వాల్సిన ఉతికిన బట్టలు కూడా ఉన్నాయి. వాటి మధ్యలోంచి ఒక గౌను లాగింది. నీలం మీద తెల్ల చుక్కలు, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. పటేల్ గారి బిడ్డది. నా ఒంటి మీద పెట్టి చూసి, "సరిపోతది" అంది. మా బట్ట ఆమె ముట్టుకోవడమే తప్పు, ఇక వాళ్ళ బట్ట మా ఒంటికి తొడగడమా! "వద్దు బిడ్డా, తెలిస్తే నిన్ను బతకనియ్యరు" అని మా అమ్మ ఆమె చేతులు పట్టుకుంది. అక్క వినలేదు. "తెలిస్తే నా మీదికొస్తది, నీ మీదికి రాదు. నువ్వు ఇంట్లనే ఉండు. నిన్ను సూస్తె పట్టుకుంటరు" అంది.

నాకు స్నానం చేయించి, తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసింది. గౌను తొడుగుతుంటే గంజికి ఒళ్ళంతా గరగరలాడింది. ఎంత నొప్పిలో ఉన్నా, పిల్లను కదా, కిందికి చూసుకుని మురిసిపోయాను. అక్క నా గడ్డం పట్టుకుని తలెత్తి, "ఏందే దొరసాని, జర మా దిక్కు సూడు" అని ఎగతాళి చేసింది. తర్వాత పాఠం చెప్పింది. నువ్వు పటేల్ గారి చుట్టాల బిడ్డవు, మంచాల ఊరి నుంచి వచ్చావు. అడిగితేనే మాట్లాడు. సారు అని పిలువు. కాళ్ళు బయటికి కనబడనియ్యకు. చెప్పులు మాత్రం ఆమె మూటలో లేవు మరి.

నన్ను గాడిద మీద మూట పక్కన కూర్చోబెట్టి నడిపించింది. ఇబ్రహీంపట్నం ఇళ్ళు కనబడగానే గాడిదను తుమ్మచెట్టుకు కట్టేసి నన్ను చంకకెత్తుకుంది. "పటేలింటి బిడ్డ గాడిద మీద వస్తదా, నవ్విపోరూ" అంది. ఆమె గుండె దడదడా కొట్టుకోవడం నా చెంపకు తెలుస్తూనే ఉంది. పైకి మాత్రం పెళ్ళికి పోతున్నట్టు నడిచింది.

కాంపౌండరు వరండాలోనే ఉన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నెల తిరక్కముందు ఇదే మనిషి నా ఒడిలో గోళీలు పడేశాడు. కానీ ఆయన నా మొహం చూడలేదు, గౌను చూశాడు. మా మొహాలు ఆయనకెప్పుడూ మొహాలు కావు, సీసాలు. అక్క తడబడకుండా మంచాల చుట్టాల సంగతి చెప్పింది. ఆయన వెంటనే పక్కకు జరిగి, "లోపలికి తీస్కపో, సారు ఉన్నడు" అన్నాడు. అంతే. అంత సులువు! వాకిలికీ గదికీ మధ్య ఉన్నది ఒక్క గడపేనని ఆ రోజే తెలిసింది.

గదిలో స్పిరిట్ వాసన, ఆకుపచ్చ బల్ల, దాని మీద తెల్ల దుప్పటి. నాకు సూది భయం లేదు, ఆ దుప్పటి మాసిపోతుందేమోనని భయం. డాక్టరు గారు కుర్చీలోంచి లేచి వచ్చారు. మొదటిసారి ఆయన్ను దగ్గర్నుంచి చూశాను. నవ్వు మొహం. "ఏమ్మా చిట్టితల్లీ, ఏమైంది నీకు?" అన్నారు. ఆ మాట నాతోనే అన్నారని తెలియడానికి కొంత సేపు పట్టింది. గొట్టం బిళ్ళను తన అరచేతిలో రుద్ది వెచ్చగా చేసి, "చల్లగా ఉంటే ఉలిక్కిపడతావు కదా" అని నా ఛాతీ మీద పెట్టారు. కళ్ళు మూసుకుని విన్నారు. ఎడమ పక్కకు తిరగమన్నారు. ఊపిరి ఆపమన్నారు. మళ్ళీ విన్నారు. మోకాలి మీద వేళ్ళు ఆనించి, నేను అమ్మా అనబోయేలోపే తీసేశారు. నొప్పి ఎక్కడుందో ఆ వేళ్ళకు తెలుసు. అంత మెత్తని చేయి నన్ను అప్పటిదాకా ముట్టుకోలేదు. మా అమ్మ చేతులు కూడా కొడవలి పట్టి పట్టి గరుకుగా ఉండేవి.

"మేడ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా?" అని అడిగారు. మా గుడిసెకు మేడ ఎక్కడిది, మెట్లెక్కడివి! నేను గుడ్లప్పగించి చూశాను. అక్క అందుకుని, "మెట్లు గాదు సారూ, నాలుగడుగులు నడుస్తలేదు" అని చెప్పింది.

ఆయన మొహం మారిపోయింది. నిజంగా బాధపడ్డారు, అది నటన కాదు. కీళ్ళ జ్వరమని, అది గుండె దాకా వచ్చిందని, గుండెలో ఒక కవాటం దెబ్బతింటున్నదని చెప్పారు. నెలనెలా సూది వేయించాలి, పెద్దదయ్యేదాకా ఆపకూడదన్నారు. ఆపైన అక్క మీద కోప్పడ్డారు. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు మీరంతా? ఇంత ముదిరేదాకా ఇంట్లో పెట్టుకుంటారా? మొదట్లోనే నా దగ్గరికి తీసుకొస్తే ఇంత దూరం వచ్చేదా?"

అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. ఏమని చెప్పాలి? తీసుకొచ్చాం సారూ, రెండుసార్లు తీసుకొచ్చాం, మీ వాకిట్లోనే నిలబడ్డాం అని చెప్పాలా? అక్క తల వంచుకుని, "తెల్వక సారూ" అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత మింగిందో ఆమెకే తెలియాలి.

డాక్టరు గారు సొరుగు తెరిచి గోళీలు తీశారు. "ఇవి పొద్దున, సాయంత్రం వేసుకోవాలి తల్లీ" అంటూ నా వైపు చేయి చాచారు. నేను చేయి చాస్తే చాలు, ఆయన వేళ్ళ మీద నుంచి తీసుకోవచ్చు. కానీ నాకు గోళీలంటే వేరే తెలియదు కదా. గబుక్కున బల్ల మీది నుంచి దిగాను. రెండడుగులు వెనక్కి జరిగాను. వంగి, గౌను అంచు రెండు చేతులతో ఎత్తి, ఒడి పట్టాను.

ఆయన చేయి గాల్లోనే ఆగిపోయింది. నా ఒడి చూశారు, పగిలిన నా మడమలు చూశారు. అక్క పాఠమంతా చెప్పింది గానీ ఇది చెప్పలేదు. ఎలా చెబుతుంది, ఆమె ఇంటివాళ్ళకు దవాఖానలో గోళీలు చేతికే ఇచ్చేవాళ్ళు. గుమ్మంలో ఉన్న కాంపౌండరుకు అప్పుడు నా మొహం కనబడింది. "సారూ, ఇది వాడ పిల్ల!" అని అరిచాడు.

నేను వంగే ఉన్నాను. లేవడానికి ధైర్యం చాలలేదు. ఏమవుతుందో, కొడతారో, అక్కను పట్టుకుంటారో తెలియదు. అప్పుడు అక్క మాట్లాడింది. "అవ్ సారూ, వాడ పిల్లనే. గౌను మార్చిన గానీ రోగం మార్చలే. రోగం దానిదే. సూసిండ్రు గద, ఇగ మందియ్యుండ్రి."

డాక్టరు గారు చేయి కొంచెం పైకెత్తారు. గోళీలు వదిలారు. టపటపా ఒడిలో పడ్డాయి. ఆ తర్వాత మూలనున్న పళ్ళెం దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నారు, మోచేతుల దాకా. నన్ను ముట్టుకున్నంత సేపూ ఆ చేతులకు ఏమీ అంటలేదు. తెలిసిన తర్వాతే అంటింది. మా వైపు వీపు పెట్టి ఉండగానే కాంపౌండరుతో అన్నారు, "బయట వరండాలో సూది వేసి పంపు. నెలనెలా రమ్మను." ఇచ్చిన మందు వెనక్కి తీసుకోలేదు, ఆ ఒక్క మాట ఆయన గురించి చెప్పాలి. అన్యాయంగా చెప్పడం నాకిష్టం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు గాడిద మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంతా పాడు చేశానని. అక్క కొంత దూరం నడిచింది. తర్వాత తాడు పట్టి ఆపి, నా కళ్ళు తుడిచింది.

"ఎందుకే ఏడుస్తవ్? నువ్వేం తప్పు చేయలే. నీకు ఒడి పట్టుడు నేర్పిండ్రు, నువ్వు పట్టినవ్. పిల్లా, ఒకటి సమజ్ చేసుకో. ఆయనకు చేతగాక ఎర్ర మందు పోస్తుండని అనుకున్నం గద మనం? చేతనైతది. మస్తు చేతనైతది. ఇయ్యాల నీ కండ్లతోని సూసినవ్. యాది పెట్టుకో. ఇంకోసారి ఏ దవాఖానకు పోయినా, మందియ్యి అని అడుగకు. నన్ను సూడు అని అడుగు."

ఆ గౌనును ఆమె మళ్ళీ ఉతికి, మళ్ళీ గంజి పెట్టి పటేల్ ఇంటికి పంపింది. ఏం లాభం, అప్పటికే కబురు చేరింది. గౌనును వాకిట్లోనే కాల్చేశారని చెప్పుకున్నారు. ఆ ఇంటి బట్టలు వేరే చాకలి వాళ్ళకు పోయాయి. ఇంట్లో అత్తా మొగుడూ ఆమెను నానా మాటలన్నారు. ఆమె మాత్రం మా అమ్మ ఏడుస్తూ కాళ్ళ మీద పడబోతే లేపి, "మంచిగనే అయింది చిన్నమ్మా, వాళ్ళ జంపఖానలు మోసి మోసి నా నడుములు పడిపోయినయ్" అని నవ్వింది. ఆ నవ్వులో సగం నిజం లేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. బట్టలు ఉతికినందుకు ఆ ఇంటి నుంచి వచ్చే గింజలు ఆగిపోయి వాళ్ళు పస్తులున్న రోజులున్నాయి.

నేను బతికాను. ఆ డాక్టరు గారు ఉన్నన్నాళ్ళూ నెలనెలా వరండాలో సూది వేశారు. లోపలికి మళ్ళీ పిలవలేదు, గొట్టం మళ్ళీ పెట్టలేదు. ఒకసారి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఆయాసం తగ్గిందా?" అని దూరం నుంచి అడిగారు. తగ్గింది సారూ అన్నాను. తల ఊపి లోపలికి పోయారు. ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన కాలంలో ఆ సూదిమందు లేదన్నారు, పట్నం పోయి తెచ్చుకోమన్నారు. మా అమ్మ పట్నం ఎక్కడ పోతుంది, ఏమని అడుగుతుంది? సూదులు ఆగిపోయాయి. కవాటం సగం బాగుపడి, సగం పాడై అలాగే ఉండిపోయింది.

పెద్దయ్యాక అంగన్‌వాడీ టీచరునయ్యాను. మంచాల వైపు ఊళ్ళలోనూ, కందుకూరు వైపు ఊళ్ళలోనూ పిల్లలను తూకం వేస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. తూకం ముల్లు చూస్తే చాలు, పిల్ల ఏ వాడ నుంచి వచ్చిందో అడగక్కర్లేదు. ట్రైనింగులకు పోతే రాష్ట్రం నలుమూలల నుంచి టీచర్లు వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చుంటే అందరివీ అవే కథలు. అడవి జిల్లా ఆమె గూడెం నుంచి బాలింతను మంచం మీద మోసుకొచ్చిన సంగతి చెప్పేది. తండా నుంచి వచ్చిన ఆమె, నర్సు రోడ్డు వరకే వస్తుందని చెప్పేది. పట్నం బస్తీ నుంచి వచ్చిన ముస్లిం ఆమె, బురఖా చూడగానే పిల్లలెందరని వెటకారంగా అడుగుతారని చెప్పేది. ఊర్లు వేరు, రోగాలు వేరు. చూడకుండా మందు పోయడం ఒక్కటే అందరిదీ.

అన్నాలయ్యాక మళ్ళీ హాలులోకి పోతే పైనుంచి వచ్చిన ఆఫీసరు మైకులో చెప్పేవాడు, పేదల్లో అవగాహన లోపం ఉంది, దవాఖానకు ఆలస్యంగా వస్తారు అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా అమ్మకు అవగాహన లేదా? కూలి వదులుకుని రెండుసార్లు మోసుకుపోయిన మనిషికి అవగాహన లేదా? మొదట్లో లేచి అడిగేదాన్ని. "కూర్చోండి టీచర్" అనేవారు. తర్వాత తర్వాత అడగడం మానేశాను. భయపడి కాదు, అలిసిపోయి. చెప్పిందే ఎన్నిసార్లు చెబుతాం? తల్లులకు మాత్రం చెబుతూనే ఉన్నాను. చీటీ రాసి పంపిస్తే వచ్చేయకండి, బిడ్డను ముట్టుకుని చూడమని అడగండి అని. కొందరు అడిగారు. కొందరు అడగలేక చీటీ పట్టుకుని వచ్చేశారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. అడగడానికి కూడా ఓపిక ఉండాలి, రోజంతా పని చేసి వచ్చినవాళ్ళకు అది ఎక్కడుంటుంది?

అక్క పోయి చాలా కాలమైంది. కడుపులో గడ్డ. దాన్ని ఎవరూ చేయి పెట్టి చూడలేదు. గ్యాసు గోళీలిచ్చి పంపారు, చాలా నెలలు. పెద్ద దవాఖానలో చూసేటప్పటికి చేయడానికేమీ లేదన్నారు. నన్ను చూడమని అడిగిన మనిషి తన కోసం అడగలేదు. ఎందుకు అడగలేదే అక్కా అంటే, "పనులున్నయ్ గదనే" అంది. ఆ రోజు నేను ఏడ్చినంతగా మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఈ మధ్య నా ఆయాసం మళ్ళీ ఎక్కువైంది. ఇంట్లోవాళ్ళు బలవంతం చేస్తే బస్సెక్కి పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి పోయాను. అద్దాల తలుపులు, చల్లగాలి, ముందు వైపు సోఫాలు. సర్కారు కార్డు మీద ఉచిత వైద్యానికి వచ్చినవాళ్ళం మాత్రం వెనక వైపు నుంచి పోవాలి, అక్కడ బెంచీలు. ఎవరూ ఎవర్నీ తిట్టడం లేదు. ఎవరూ పైనుంచి ఏమీ పడేయడం లేదు. అందరికీ టోకెన్లే. కానీ సోఫాల వైపు పిలుపు తొందరగా వస్తోంది, బెంచీల వైపు పొద్దు గూకుతోంది. నా పక్కన పాలమూరు వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన గోడకు తల ఆనించి నిద్రపోయాడు. పిలిచినప్పుడు నేనే తట్టి లేపాను.

నా వంతు వచ్చాక ఒక చిన్న డాక్టరమ్మ చూసింది. మా మనవరాలి వయసుంటుంది. అలిసిపోయి ఉంది పాపం, అయినా శ్రద్ధగానే చూసింది. "నన్ను మంచిగ సూడు బిడ్డా" అని అడిగాను ముందే. ఆమె నవ్వింది. చాలా సేపు విని, మిషను మీద చూసి, ఇది చిన్ననాటిది కదా, ఎప్పుడు తెలిసింది, ఎవరు కనిపెట్టారు అని అడిగింది. ఇబ్రహీంపట్నం దవాఖాన డాక్టరని చెప్పాను. ఆ రోజుల్లో మిషన్లేమీ లేవుగా అంది. లేవు, చెవితో విన్నాడంతే అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉత్త చెవితో విని కవాటం సంగతి చెప్పారా! ఎంత మంచి డాక్టరమ్మా ఆయన!"

"అవ్ బిడ్డా," అన్నాను. "మస్తు మంచి డాక్టరు."

అది నిజం. అందుకే ఇన్నేళ్ళయినా ఆ రోజు నన్ను వదలదు. చేతకానివాడైతే ఎప్పుడో క్షమించి మరిచిపోయేదాన్ని.